బొమ్మ – బొరుసు

పాఠ్యాంశ ఉద్దేశం

పూర్వకాలపు వస్తువులను చరిత్రకు ఆధారాలుగా గుర్తించగల దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ముఖ్యోద్దేశం. బ్రిటిష్ పాలనాకాలపు నాణేలను ఎట్లా సేకరించాలో, ఎట్లా స్థాయీ నిర్ణయం చేయాలో, ఏ విధంగా భద్రపరచి ప్రదర్శించాలో తెలియజేయడం, ఆ నాణేలతో ముడిపడిన తెలుగు పదసంపదను పరిచయం చేయడం ఇతర ఉద్దేశాలు.

పాఠ్యభాగం

మాది భీమునిపట్నానికి చేరువలోని ఒక పల్లె. మా నాయనమ్మగారి మందసంలో పసుపుకుంకుమల భరిణెల నడుమ ఒక పెద్ద రాగినాణెం ఉండేది. ప్రతి సంవత్సరం దసరాకు ముందు ఇంటిలోని ఇత్తడి, రాగి సామానులన్నీ తోమే పని పిల్లలమైన మాకు అప్పగించేవారు. చింతపండు, ఇటుకపొడి కలిపి ఆ నాణేన్ని నేనే తోమేవాణ్ణి. అది బంగారంలా మెరిసేదాకా వదిలేవాణ్ణి కాదు. నాయనమ్మ చూసి మురిసిపోయి, "మా నాయన కాలంనాటి డబ్బురా ఇది" అనేవారు. డబ్బు అంటే ధనమనే నేను అర్థం చేసుకున్నాను. అది ఆ నాణెం పేరే అని తెలియడానికి నాకు మరి ఇరవై ఏళ్ళు పట్టింది. తెలిసేనాటికి దానిమీది సంవత్సరం పూర్తిగా చెరిగిపోయింది.

ఆ నాణెం కథతోనే ఈ పాఠాన్ని ప్రారంభిద్దాం.

1. సముద్రం దాటివచ్చిన డబ్బు

నేటి శ్రీకాకుళం మొదలుకొని గుంటూరు వరకు విస్తరించిన తీరప్రాంతాన్ని ఉత్తర సర్కారులని వ్యవహరించేవారు. 1765–66 సంవత్సరాలలో మొగలు చక్రవర్తి ఫర్మానా వలన, నిజాముతో కుదిరిన ఒడంబడిక వలన ఈ సర్కారులలో అధికభాగం ఈస్టిండియా కంపెనీ వశమైంది. గుంటూరు సర్కారు మాత్రం 1788లో వారికి దక్కింది. విశాఖపట్నంలో కంపెనీవారి వర్తకస్థావరం అంతకు పూర్వమే, పదిహేడవ శతాబ్దపు చివరి భాగంలోనే వెలసింది.

రాజ్యం చేతికి వచ్చిన తరువాత శిస్తు వసూలుకు, జీతాల చెల్లింపుకు చిల్లరనాణేలు కావలసివచ్చాయి. అప్పటికి ఇక్కడ చెలామణిలో ఉన్న రాగినాణేన్ని జనం డబ్బు అనేవారు. ఇంగ్లీషు దొరలు దానినే తమ దస్త్రాలలో 'డబ్' అని రాసుకున్నారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో మాథ్యూ బోల్టన్ అనే పారిశ్రామికుడు 1788లో సోహో టంకశాలను స్థాపించాడు. జేమ్స్ వాట్ రూపొందించిన ఆవిరియంత్రాలతో నాణేలు ముద్రించిన కార్మాగారం అది. ఉత్తర సర్కారుల కోసం 1794లోనూ, తిరిగి 1797లోనూ రాగినాణేలు అక్కడ తయారై, ఓడలలో మన దేశానికి చేరాయి. ఒక వైపు కంపెనీవారి రాజచిహ్నం, మరొక వైపు కంపెనీ సరకుల మూటలమీద వేసే గుర్తు వాటిపై కనిపిస్తాయి. ఒక రూపాయికి నలభైయెనిమిది అని ఆంగ్లంలో చెక్కి ఉంటుంది. అనగా మూడు డబ్బులు ఒక అణా. దానిలో సగం విలువగల చిన్న నాణెం రూపాయికి తొంభైయారు.

మా నాయనమ్మగారి మందసంలోనిది ఆ నలభైయెనిమిదిలో ఒకటి. అది 1794 నాటిదో, 1797 నాటిదో నిర్ణయించడానికి వీలులేదు. చివరి అంకెను చింతపండు, ఇటుకపొడి, నా చేతులు కలిసి తినివేశాయి.

ఆ రోజులలో సముద్రప్రయాణం ఎంత ప్రమాదకరమో తెలిపే మరొక ఉదంతం ఉంది. మద్రాసు రాజధానికి 1808 సంవత్సరపు పది కాసులు, ఇరవై కాసుల రాగినాణేలను మోసుకొస్తున్న 'అడ్మిరల్ గార్డ్‌నర్' అనే ఓడ, 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల వద్ద తుపానులో మునిగిపోయింది. 1980వ దశకంలో గజ ఈతగాళ్ళు ఆ నాణేలను లక్షల సంఖ్యలో వెలికితీశారు. మన తాతలకు చేరవలసిన ఆ చిల్లర నూటడెబ్భై అయిదేళ్ళు ఇసుకలో నిద్రించి, నేడు ప్రపంచమంతటా సేకర్తల పెట్టెలలో కూర్చున్నది.

2. నాణెం చెప్పే మాటలు

నాణేలు చేతులు మారి కనుమరుగైనా, వాటి పేర్లు భాషలో మిగిలిపోతాయి. తెలుగులో ఈ విషయం అత్యంత స్పష్టంగా కనిపిస్తుంది. ఒక చిన్న రాగినాణెం పేరైన డబ్బు క్రమంగా ధనానికే పర్యాయపదమైంది. దక్షిణ భారతంలోని కాసు అనే మాటను ఐరోపావారు 'క్యాష్' అని పలికి తమ నాణేలపై చెక్కించారు. మద్రాసు రాజధానిలో ఎనభై కాసులు ఒక ఫణం, నలభైరెండు ఫణాలు ఒక వరహా. వరహా విలువ సుమారు మూడున్నర రూపాయలు. పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో మద్రాసు టంకశాల ముద్రించిన నాణేలలో కొన్నిటిపై ఆంగ్ల, పారశీక, తమిళ లిపులతోపాటు తెలుగు లిపి కూడా చోటుచేసుకున్నది. వెండి అర్ధవరహాపై ఆలయగోపురం ఒక వైపు, విష్ణుమూర్తి మరొక వైపు ఉంటాయి. పరదేశపు వర్తకులు ఈ నేల దేవుణ్ణి, ఈ నేల లిపిని తమ నాణెంపై నిలుపవలసివచ్చిందంటే, నాణెం చెల్లాలంటే ప్రజల నమ్మకం ఎంత అవసరమో గ్రహించవచ్చు.

1818లో మద్రాసు రాజధాని వరహాను విడిచి రూపాయిని ప్రమాణంగా స్వీకరించింది. 1835లో చేసిన చట్టంతో కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి ఏర్పడింది. దాని బరువు నూట ఎనభై గ్రెయిన్లు, అంటే ఒక తులం, నేటి లెక్కలో 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి, ఒక పాలు మిశ్రమలోహం. బరువు ఇంత కచ్చితంగా ఉండడం వలన రూపాయే తూకపురాయి అయింది. "రూపాయెత్తు" అనే మాట అట్లా పుట్టింది. ఎనభై రూపాయల ఎత్తు ఒక సేరు.

రూపాయికి పదహారణాలు. అణాకు నాలుగు కానులు, పన్నెండు దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. పరిపూర్ణతను చెప్పవలసి వచ్చినప్పుడు నేటికీ "పదహారణాల తెలుగుదనం" అంటున్నాము. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అనే సామెతను వాడుతున్నాము. 1943–47 మధ్య లోహాన్ని ఆదా చేయడానికి నడుమ రంధ్రంతో ముద్రించిన కానీని జనం చిల్లుకానీ అన్నారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమలులోకి వచ్చి రూపాయికి నూరు పైసలైన తరువాత అణాలు క్రమంగా తెరమరుగైనా, భాషలో మాత్రం ఇంకా చెల్లుతూనే ఉన్నాయి.

3. సేకరణ – గుర్తింపు

నాణేలను అధ్యయనం చేసే శాస్త్రాన్ని నాణకశాస్త్రం లేదా న్యూమిస్మాటిక్స్ అంటారు. ఉత్తర సర్కారులకు 1845 నుండి 1854 వరకు కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ ఈ శాస్త్రంలో అగ్రగణ్యుడు. అమరావతి శిల్పాలను తవ్వించినవాడు ఈయనే. చూపు కోల్పోయిన వార్ధక్యంలోనూ పట్టువిడువక దక్షిణ భారత నాణేలపై గ్రంథం వెలువరించాడు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ 1890లో ఈస్టిండియా కంపెనీ నాణేల చరిత్రను ప్రకటించాడు. చరిత్రాధ్యయనం చేయగోరేవారికి ఇట్టి కృషి మహోపకారం చేసింది.

విద్యార్థి ప్రారంభించవలసింది వేలంపాటలలో కాదు, తన ఇంటిలోనే. పెద్దల పెట్టెలలో, పూజామందిరాలలో, పిల్లల మొలతాళ్ళలో పాత నాణేలు దొరుకుతాయి. మన్యంలో గిరిజన స్త్రీలు పాత వెండినాణేలను గుచ్చిన దండలు ధరించడం కద్దు. అట్టి దండను విడదీసి నాణేలను కొనడం సేకరణ అనిపించుకోదు. ఆ దండ మొత్తమే ఒక చారిత్రక వస్తువు.

నాణెం చేతికి రాగానే మొదట గుర్తించవలసింది పాలకుని ప్రతిమను. 1835 రూపాయిపై నాల్గవ విలియం, 1840 రూపాయిపై విక్టోరియా రాణి కనిపిస్తారు. 1858లో కంపెనీ పాలన అంతమైనందున 1862 నుండి నాణేలపై కంపెనీ పేరు తొలగిపోయి, విక్టోరియా కిరీటధారిణి అయింది. 1877 నుండి 'రాణి' స్థానంలో 'చక్రవర్తిని' అనే బిరుదు చేరింది. 1903–1910 రూపాయలపై ఏడవ ఎడ్వర్డు కిరీటం లేకుండా ఉంటాడు. 1911లో అయిదవ జార్జి రూపాయి వెలువడినప్పుడు, రాజు అంగీమీది ఏనుగుకు తొండం పొట్టిగా ఉండడం చేత జనం దానిని పందిగా భ్రమించారు. నిరసన పెల్లుబకడంతో ఆ రూపాయిని ఉపసంహరించి, 1912లో తొండం స్పష్టంగా చెక్కి విడుదల చేశారు. అంగుళంలో ఇరవయ్యోవంతు కూడా లేని గీత ఒక సామ్రాజ్యాన్ని కలవరపెట్టిన సందర్భమది.

తరువాత చూడవలసింది టంకశాల గుర్తు. కలకత్తా టంకశాల నాణేలు చాలావరకు గుర్తు లేకుండానే వచ్చేవి. బొంబాయివారు చుక్కనో, వజ్రాకారపు చిహ్నాన్నో ఉంచేవారు. 1943 తరువాతి లాహోరు నాణేలపై 'ఎల్' అక్షరం ఉంటుంది. 1918లో బొంబాయిలో ముద్రించిన బంగారు సావరిన్లపై 'ఐ' అనే చిన్న అక్షరం ఉంటుంది. ఇరవైరెండు క్యారెట్ల సావరిన్ బరువు 7.98 గ్రాములు. మన ఇళ్ళలో కాసు బంగారమంటే ఎనిమిది గ్రాములని లెక్కించడం దీనికి అతి సమీపంగా ఉన్నది.

ఒక మెలకువ చెబుతాను. 1862 అని ఉన్న రూపాయలన్నీ ఆ సంవత్సరంలోనే ముద్రితమైనవి కావు. అదే సంవత్సరాన్ని ఉంచి పదేళ్ళకు పైగా ముద్రించారు. అసలు సంవత్సరాన్ని సంఖ్య కింది సూక్ష్మమైన చుక్కలను బట్టి గుర్తిస్తారు. ఆ చుక్క ఆవగింజలో సగం కూడా ఉండదు. ఒక్కసారి గట్టిగా తోమితే నాణెం తన వయస్సును మరచిపోతుంది.

4. అసలు – నకిలీ

నకిలీని పట్టడానికి మీ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాల చాలు. తూకం, వెర్నియర్ కాలిపర్స్, అయస్కాంతం ఉంటే మూడు పరీక్షలు చేయవచ్చు. వెండిని అయస్కాంతం ఆకర్షించదు. 1992 తరువాతి స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది. ఉక్కునగరవాసులైన మీకు ఈ భేదం విశదంగా తెలిసే ఉంటుంది. అంటుకున్నది వెండిరూపాయి కాదు. అయితే అంటుకోనిదల్లా వెండి కాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఆర్కిమిడీస్ సూత్రం మరింత నమ్మదగినది. గాలిలో 11.66 గ్రాములు తూగిన రూపాయి నీటిలో సుమారు 1.13 గ్రాముల బరువు కోల్పోవాలి. మొదటి సంఖ్యను రెండవదానితో భాగిస్తే విశిష్టసాంద్రత 10.3 వస్తుంది. సీసం, తగరం కలిపి పోతపోసిన నకిలీలో ఈ రెండు లెక్కలూ ఒకేసారి కుదరడం కష్టం. అరుగుదల వలన అసలు నాణెం బరువు కొంత తగ్గవచ్చు, కాని సాంద్రత మారదు. 1940 నుండి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. 1947 రూపాయి నికెల్‌తో చేసినది. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. కనుక ముందు సంవత్సరం చూసి, ఆ తరువాతనే లెక్క చూడాలి.

5. స్థాయీ నిర్ణయం

నాణెం ఎంత అరిగిందో నిర్ణయించి చెప్పడమే స్థాయీ నిర్ణయం లేక గ్రేడింగ్. ఇందులో బ్రిటిష్ సేకర్తల పరిభాష మనను తికమకపెడుతుంది. 'ఫెయిర్' అంటే బొమ్మ లీలగా మాత్రమే మిగిలిన నాణెం. 'గుడ్' అన్నారు కదా అని మంచి నాణెమని భ్రమించరాదు. అంచులు, అక్షరాలు అరిగి, ఆకృతి మాత్రం తెలిసే స్థితి అది. 'ఫైన్' అంటే అక్షరాలన్నీ చదవదగి, ఎత్తుభాగాలు బాగా అరిగినది. 'వెరీ ఫైన్' స్థితిలో జుట్టు పాయలు, అంగీ మీది అల్లిక చాలావరకు స్పష్టంగా ఉంటాయి. 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్' నాణెం మిక్కిలి ఎత్తైన చోట్లలో మాత్రమే స్వల్పంగా అరిగి ఉంటుంది. చెలామణి కానేకాని నాణెం 'అన్‌సర్క్యులేటెడ్'. అమెరికాలో విలియం షెల్డన్ 1949లో ప్రతిపాదించిన ఒకటి నుండి డెబ్భై వరకు గల కొలమానం నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. అందులో అరవై, ఆపైన ఉన్నవి చెలామణి కాని నాణేలు.

పరీక్షించే పద్ధతి ఇది. మెత్తని గుడ్డ పరచి, నాణేన్ని దానిమీద, అంచులు మాత్రమే పట్టుకుని ఉంచాలి. ఒక పక్కనుండి వెలుతురు పడేట్లు దీపం అమర్చి, అయిదు నుండి పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడాలి. విక్టోరియా నాణెంపై కిరీటపు పైభాగాన్ని, చెవి దగ్గరి జుట్టును, భుజంపై అల్లికను పరికించాలి. ఎడ్వర్డు నాణెంపై చెవిపైన జుట్టు, జార్జి నాణెంపై కిరీటం, అంగీమీది ఏనుగు తొలుత అరుగుతాయి. బొమ్మను చూసి బొరుసును మరువరాదు. రెండు వైపులు వేర్వేరు స్థాయిలలో ఉంటే రెండింటినీ విడివిడిగా నమోదు చేయాలి.

అరుగుదల వేరు, గాయం వేరు. అరిగిన నాణెం వేల చేతులలో నలిగింది, సంతలో తిరిగింది, అందులో తప్పులేదు. గీతలు, రంధ్రాలు, ఆభరణానికి అతికిన మచ్చలు, తోమిన గుర్తులు గాయాలు. వీటిని దాచి అమ్మడం మోసం. మిక్కిలి మెరిసే పాత నాణేన్ని చూసినప్పుడు సంతోషించడానికి ముందు సందేహించాలి. కాలానుగుణంగా రాగిపై ఏర్పడే గోధుమవర్ణపు పొర, వెండిపై ఏర్పడే నల్లని ఛాయ నాణేనికి సహజమైన కవచాలు.

6. భద్రపరచడం – ప్రదర్శించడం

విశాఖ సముద్రతీర నగరం. ఇక్కడి గాలిలో ఉప్పు, తేమ ఎల్లప్పుడూ ఉంటాయి. ఉప్పులోని క్లోరైడు, తేమ, ఆమ్లజని కలిసి రాగిపైనా కంచుపైనా పాలిపోయిన పచ్చని పొడి మచ్చలను ఏర్పరుస్తాయి. దీనిని కంచుజబ్బు అంటారు. ఒక్కసారి ఆరంభమైతే తేమ ఉన్నంతకాలం అది నాణేన్ని తొలుస్తూనే ఉంటుంది. అట్టి నాణేన్ని వెంటనే మిగిలినవాటి నుండి వేరుచేసి, పొడిగా ఉంచి, మ్యూజియంలోని నిపుణుని సంప్రదించాలి.

మెత్తని పి.వి.సి. కవర్లు కాలక్రమంలో క్లోరినుతో కూడిన ఆమ్లాన్ని విడుదల చేసి నాణేన్ని పాడుచేస్తాయి. రబ్బరుబ్యాండులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. వార్తాపత్రికలలో చుట్టి ఉంచరాదు. పాలియెస్టరు పొర గల కవర్లు, ఆమ్లరహితమైన కాగితం శ్రేయస్కరం. పెట్టెలో సిలికాజెల్ పొట్లాన్ని ఉంచి, రంగు మారగానే మార్చాలి. వానకాలానికి ముందు ఒకసారి, వెనుక ఒకసారి ప్రతి నాణేన్ని పరిశీలించాలి.

ప్రదర్శన అంటే నాణేలను వరుసగా పేర్చడమే అనుకోరాదు. చూపరి ఏమి తెలుసుకోవాలో ముందుగా నిర్ణయించుకోవాలి. దమ్మిడీ నుండి రూపాయి వరకు విలువల వరుసలో పెడితే ఆనాటి లెక్కలు తెలుస్తాయి. పాలకుల వరుసలో పెడితే రాజకీయ చరిత్ర తెలుస్తుంది. రెండు వైపులా కనిపించడానికి కింద చిన్న అద్దాన్ని అమర్చవచ్చు, లేదా రెండవ వైపు ఛాయాచిత్రాన్ని పక్కన పెట్టవచ్చు. ప్రతి నాణేనికి ఒక చీటీ ఉండాలి. అందులో విలువ, సంవత్సరం, టంకశాల, లోహం, బరువు, వ్యాసం, స్థాయి, ఎవరి నుండి లభించినదనే వివరాలు రాయాలి. చివరి వివరం లేని నాణెం ఊరూపేరూ లేని బాటసారి వంటిది. బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో 1991లో ప్రారంభమైన విశాఖ మ్యూజియాన్ని సందర్శించి, అక్కడి వస్తువులను ఎట్లా అమర్చారో, చీటీలలో ఏమి రాశారో గమనించి రండి.

7. చట్టం – మోసం

భూమిలో దొరికిన నిధిని దాచుకోవడం నేరం. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణేలు పురావస్తువుల కోవలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు. ఓడరేవు నగరంలో నివసించే మనం ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

పాత నాణేనికి లక్షలిస్తామని ఆశచూపి, ముందుగా రుసుము చెల్లించమనే ప్రకటనలు నేడు విరివిగా కనిపిస్తున్నాయి. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు ఎట్టి సంబంధమూ లేదని, అందుకు తాను ఏ రుసుమూ అడగనని భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. కోట్ల సంఖ్యలో ముద్రితమైన నాణేనికి కేవలం పాతదైనంత మాత్రాన గొప్ప వెల రాదు. అరుదుదనం, స్థాయి, గిరాకీ అనే మూడింటిని బట్టి వెల ఏర్పడుతుంది. అమ్మేవాడు ముందుగా డబ్బు కట్టవలసి వస్తే అది వ్యాపారం కాదని గ్రహించండి.

8. బొమ్మ వెనుక బొరుసు

వెల గురించి చెప్పుకున్నాము. వెల కట్టలేనిదాని గురించి చెప్పి ముగిస్తాను.

విక్టోరియాను చక్రవర్తినిగా 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ప్రకటించారు. ఆ సంవత్సరపు కానీపై ఆ బిరుదు చక్కని అక్షరాలతో మెరుస్తుంది. అదే సమయంలో మద్రాసు రాజధానిలో, ముఖ్యంగా రాయలసీమలో, ధాత కరువు విలయతాండవం చేస్తున్నది. కరువుపనులలో రోజంతా రాళ్ళు కొట్టిన మగవానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలిగా నిర్ణయించారు. స్త్రీలకు, పిల్లలకు అంతకన్న తక్కువ. ఒక అణా అంటే నాలుగు కానులు. కాబట్టి 1877 నాటి నాలుగు కానులను అరచేతిలో ఉంచుకుంటే ఒక మనిషి ఆ రోజు బతుకు బరువు మనకు తెలుస్తుంది. బొమ్మ వైపు చక్రవర్తిని, బొరుసు వైపు విలువ. ఆ రెండింటి నడుమ నలిగినవాని పేరు ఏ నాణెంమీదా లేదు. దానిని మనమే చదువుకోవాలి.

ఇందుకే నాణేన్ని తోమరాదని ఇంత పట్టుబట్టి చెప్పడం. దానిమీది మసి మురికి కాదు, నాలుగు తరాల చేతిస్పర్శ. అది కాలసాక్షి. సాక్షి నోరు మూయించిన తరువాత తీర్పు చెప్పడానికి ఏమీ మిగలదు.

మా కళాశాలలో ఏటా జరిగే ప్రదర్శనలో నాయనమ్మగారి నాణేన్ని కూడా ఉంచుతాను. విద్యార్థులు తెచ్చినవాటిలో దానికన్న చక్కనివి ఎన్నో ఉంటాయి. ఒక విద్యార్థిని మాత్రం దాని ముందే చాలాసేపు నిలబడి, చీటీ చదివి, తన సంచిలో నుండి నల్లబడిన ఒక రూపాయిని తీసింది. "మాష్టారూ, మా తాతగారిది. రేపు తెచ్చేముందు తోమి తెద్దామనుకున్నాను. ఇప్పుడు ఇట్లాగే ఉంచేయనా?" అని అడిగింది. ఉంచేయమ్మా అన్నాను. ఆ రూపాయిని భూతద్దం కింద చూశాము. 1862 సంఖ్య కింద చుక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నా నాణెం చీటీ ఇట్లా ఉంటుంది:

విలువ: రూపాయిలో నలభైయెనిమిదోవంతు (డబ్బు). ప్రాంతం: ఉత్తర సర్కారులు. టంకశాల: సోహో, బర్మింగ్‌హామ్. లోహం: రాగి. స్థాయి: ఫెయిర్. లభ్యం: మా నాయనమ్మగారి మందసం. సంవత్సరం: 1794 లేదా 1797, స్పష్టంగా లేదు. కారణం: సేకర్త చిన్నతనంలో తోమడం.

కఠిన పదాలకు అర్థాలు

మందసం = విలువైన వస్తువులు దాచే పెట్టె
టంకశాల = నాణేలు ముద్రించే చోటు
బొరుసు = నాణేనికి రెండవ వైపు
చెలామణి = వాడుకలో చెల్లుబాటు
దస్త్రం = రాతపత్రాల కట్ట
నిక్షేపం = భూమిలో దాచిన ధనం
విశిష్టసాంద్రత = నీటితో పోల్చి చెప్పే సాంద్రత
వార్ధక్యం = ముసలితనం
శ్రేయస్కరం = మేలు కలిగించేది

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నాణేల స్థాయీ నిర్ణయం ఎట్లా చేస్తారో, అరుగుదలకు గాయానికి గల భేదమేమిటో వివరించండి.
2. "నాణేల పేర్లు భాషలో మిగిలిపోతాయి." ఈ అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఉత్తర సర్కారుల రాగినాణేలు ఎక్కడ, ఎప్పుడు తయారైనవి?
2. 1911 నాటి రూపాయిని ఎందుకు ఉపసంహరించారు?
3. తీరప్రాంతంలో రాగినాణేలకు కలిగే ముప్పు ఏమిటి? దానిని ఎట్లా నివారించాలి?
4. రచయిత తన నాణెం చీటీలో తన పొరపాటును ఎందుకు రాసుకున్నాడు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. మా నాయన కాలంనాటి డబ్బురా ఇది.
2. ఇప్పుడు ఇట్లాగే ఉంచేయనా?
3. సాక్షి నోరు మూయించిన తరువాత తీర్పు చెప్పడానికి ఏమీ మిగలదు.

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రూపాయికి ఎన్ని దమ్మిడీలు?
2. బేడ అంటే ఎంత?
3. దశాంశ పద్ధతి ఎప్పుడు అమలులోకి వచ్చింది?

ఉ) సంధులు విడదీసి, సంధి పేరు రాయండి.
1. చరిత్రాధ్యయనం 2. మహోపకారం 3. అత్యంత 4. పదహారణాలు

ఊ) విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు పేర్కొనండి.
1. కాలసాక్షి 2. క్రయవిక్రయాలు 3. నాలుగు తరాలు 4. రాజచిహ్నం

ఋ) ప్రాజెక్టు పని
మీ ఇంటిలో గాని, ఇరుగుపొరుగు ఇళ్ళలో గాని ఉన్న ఒక పాత నాణేన్ని తోమకుండా పరిశీలించి, పాఠంలో చూపిన విధంగా చీటీ తయారుచేయండి. ఆ నాణెం గురించి ఇంటి పెద్దలు చెప్పిన మాటలను వారి మాటలలోనే ఒక పుటలో రాసి జతపరచండి.